చరిత్ర చెప్పే వంటాయన

ఆయన పేరు ఇక్కడ రాయను. పన్నెండు వేసవులు ఒకే చోట పనిచేశాం. ఒక్కసారి కూడా ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. నేను మాత్రం ఎందుకు రాయాలి?

నన్ను "మోటారూ" అనేవాడు. నీళ్ల మోటారు నడిపేది నేనే కాబట్టి. పైపులు వేసిందీ, నల్లాలు బిగించిందీ, టెంట్లకు వైర్లు లాగిందీ నేనే. అవేవీ ఆయన కంటికి ఆనలేదు. అందరిలాగే నేను ఆయన్ని చాచా అన్నాను. అది పేరు కాదు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

చాచా పోయిన సంగతి ఈ ఎండాకాలం మొదట్లో తెలిసింది. రాయచోటి దగ్గర వాళ్ల ఊళ్లో పోయాడు. కొడుకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మోటారు అన్నా, మా నాయన పోయినాడు" అని. చూశారా? పోయేలోపు ఇంటిల్లిపాదికీ నేర్పే పోయాడు.

మాది జగిత్యాల వైపు. అరబ్బు దేశంలో, జిజాన్ దగ్గర మా కఫీల్‌కి, అంటే నాకు వీసా తీసిన యజమానికి, మామిడి తోట ఉంది. ఏడాదిలో పది నెలలు నా పని అక్కడి పంపుల మీద. కఫీల్ రిటైరైన బడిపంతులు. చుట్టూ పిల్లలు లేకపోతే ఆయనకు తోచదు. అందుకని బడులకు సెలవులివ్వగానే జిజాన్‌కి ఎగువన, కొండల్లో ఆనకట్ట వెనకున్న చెరువు ఒడ్డున మగపిల్లలకు వేసవి క్యాంపు పెడతాడు. రెండు వారాలకు ఒక జట్టు, జట్టుకు నలభై మంది. ఈత, పడవ, చేపలు పట్టడం. ఫోన్లు మొదటి రోజే సంచిలో వేసి కఫీల్ తన కారులో దాచేస్తాడు.

చాచా ఆ క్యాంపుకు వంటాయన. వంటాయనగానే ఉంటే నాకు గొడవే లేదు. ఆయన ఆ క్యాంపుకు చరిత్రకారుడు కూడా.

మొదటి రోజు సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక, క్యాంపు చరిత్ర వినిపించందే పిల్లలకు అన్నం పెట్టకూడదని కఫీల్ నియమం. పంతులు గదా. మొదట తనే చెప్పాలని చూశాడు. పది నిమిషాలకు సగంమంది కునికారు. అప్పుడు చాచాకి అప్పజెప్పాడు. చాచా ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, అరబ్బీ ఇక్కడి కొండ మనుషులలాగే మాట్లాడేవాడు. పైగా ఆయన చేతిలో గరిటె ఉంటుంది, వెనకాల కబ్సా, అంటే మాంసం అన్నం, వండిన పెద్ద దేగ్ మూత పెట్టి ఉంటుంది, ఆ మూత సందుల్లోంచి మాంసం వాసన వస్తుంటుంది. అలాంటి మనిషి ఏం చెప్పినా పిల్లలు కళ్లార్పకుండా వింటారు.

అసలు చరిత్ర ఏమిటో నేను చెప్తాను. నేనక్కడ ఉన్నాను.

మొదటి ఏడాది నన్ను పది రోజుల పనికని తీసుకెళ్లారు. చెరువు నీళ్లు తోడి, శుద్ధి చేసి, పిల్లలకు నల్లాల్లో ఇవ్వాలి. నేను వెళ్లేసరికే టెంట్లు వేసేశారు. ఎక్కడ? చెరువులోకి కొండ వాగు దిగే చోట, మెత్తటి ఇసుక మీద. చూడటానికి బాగుంటుందని. పక్కన రాళ్ల మీద నా నడుమెత్తున తెల్లటి నీటిచార ఉంది. నేను చాచాకి చూపించాను. ఆయన అప్పుడు ఉల్లిపాయలు కోస్తున్నాడు.

"చాచా, గా చార జూసినవా? గీడిదాక నీళ్లొస్తయ్. టెంట్లు గుట్టమీదికి జరపమని జెప్పు."

"నువ్వొచ్చింది మోటారు బిగిచ్చనీకి. నీకు టెంట్లతో ఏం పనప్పా?"

"మోటారైతే కింద బిగియ్య. గుట్టమీదనే బిగిస్త. నల్లాలు గూడ ఆడనే."

"పిల్లోళ్లు మొగం కడుక్కోవాలన్నా కొండెక్కాల్నా?"

"ఎక్కనియ్."

గుట్టమీదే బిగించాను. దానికి రెట్టింపు పైపు పట్టింది. కఫీల్ అరిచాడు. పిల్లలు తిట్టుకున్నారు. చాచా ఒక్కో బిందె మోసుకుంటూ దిగేటప్పుడు నాకు వినపడేలా దేవుడికి నా మీద ఫిర్యాదు చేసేవాడు. నేను మాట మీదే ఉన్నాను.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం పైన కొండల్లో నల్లగా మబ్బు పట్టింది. మా దగ్గర చినుకు లేదు. అస్ర్ నమాజుకు వజూ చేసుకోవడానికి, అంటే కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, నలభై మంది పిల్లలూ గొణుక్కుంటూ గుట్ట ఎక్కారు. కఫీల్ కూడా. చాచా బిందె కోసం వచ్చాడు. అప్పుడు వాగు వచ్చింది. చప్పుడు ముందు వచ్చింది, తర్వాత నీళ్లు. మేము చూస్తుండగానే టెంట్లన్నీ చెరువులోకి పోయాయి. మూడు మేకలు పోయాయి. చాచా రాగి దేగ్ బోర్లా పడి, మళ్లీ లేచి, పడవలా తేలుతూ పోయింది. పిల్లాడొక్కడికీ గీత పడలేదు.

ఇదీ చరిత్ర. ఇందులో ముఖ్యమైన మనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదు.

రెండో ఏడు మొదటి సాయంత్రం నేను ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. నా అరబ్బీ పైపుల అరబ్బీ. అయినా ఈ కథ నాకు తెలిసిందే కదా. నా పేరు ఎప్పుడొస్తుందా అని ఆస్పత్రిలో టోకెన్ పట్టుకున్నవాడిలా చూశాను. మబ్బు వచ్చింది. వరద వచ్చింది. దేగ్ వచ్చింది, దాని గురించి చాలాసేపు వచ్చింది. పిల్లలు వజూకి గుట్ట ఎక్కారు, అల్లా కాపాడాడు, అందరూ అన్నానికి లేవండి అన్నాడు.

అన్నాలయ్యాక నిలదీశాను.

"చాచా, పిల్లలు గుట్ట ఎందుకెక్కిండ్రు?"

"వజూకి."

"నల్లా ఆడ ఎవడు పెట్టిండు?"

"నీళ్లు దేవునివి గదప్పా."

"పైపు నాది."

చాచా చిటికెడు ఉప్పు అరచేతి వెనక వేసుకుని, నాలుకతో అద్దుకుని, ఒక కన్ను మూశాడు. ఏదైనా ఎగ్గొట్టాలంటే ఆయన అలాగే చేసేవాడు. కూరలో ఉప్పు చూస్తున్నట్టు. ఆ సమయానికి అక్కడ కూర లేదు.

"నీ పేరు ల్యాకపోతే కథేమన్నా ఆగిందా?" అన్నాడు.

ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయేవాణ్ణే అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

మూడో ఏడు నేను చరిత్రకు వెళ్లలేదు. నా పేరు లేని చోట నాకేం పని? గుట్టమీద మోటారు షెడ్డులో కూర్చుని చెక్కల సందులోంచి చూశాను. కింద ట్యూబులైట్ల వెలుగులో చాచా గరిటె తిప్పుతూ చెప్తున్నాడు. సరిగ్గా వరద దగ్గరికి వచ్చినప్పుడు గరిటె తలపైకి ఎత్తాడు. నా నల్లా గురించి చెప్పాల్సిన చోటు అది.  మోటారు హ్యాండిల్ తిప్పేశాను.

మాది పాత డీజిల్ మోటారు. ఊరికే మొదలవదు. మూడుసార్లు దగ్గుతుంది, ఒకసారి కీచుమంటుంది, ఆ తర్వాత గుట్ట మొత్తం అదిరిపోయేలా మొరుగుతుంది. షెడ్డులో ఉంటే పక్కన పిడుగు పడినా వినపడదు. సందులోంచి చూస్తే పిల్లలు లేచి నిలబడి చెవులు మూసుకుంటున్నారు. చాచా నోరు ఆడుతోంది, మాట వినపడటం లేదు. చెప్పు ఇప్పుడు చరిత్ర, అనుకున్నాను.

అప్పటినుంచి ప్రతి జట్టుకూ ఇదే. ఆయన గరిటె ఎత్తేవాడు, నేను మోటారు వేసేవాణ్ణి. ఎందుకు వేశావని ఆయన ఒక్కసారీ అడగలేదు. ఓడిపోయానని ఒప్పుకోవడం ఇష్టం లేదనుకున్నాను. పైగా ఏడాదికేడాది గరిటె ఇంకాస్త పైకి లేచేది. పట్టుదల అనుకున్నాను.

పగ మాత్రం వడ్డనలో తీర్చుకునేవాడు. నా పళ్లేనికి ఎప్పుడూ మెడ ఎముకే వచ్చేది.

"ఇంత మేకల నాకు మెడ తప్ప ఇంకేం లేదా చాచా?"

"మొండోనికి మెడే గదరా బలం. తిను."

ఒకసారి నేను నాకోసం చింతపండు పులుసు పెట్టుకుంటే వేలు ముంచి చూసి, "ఇది దేగ్ తోమనీకి పెట్టినావా, తిననీకి పెట్టినావా?" అన్నాడు. ఆ రాత్రి ఆ పులుసు గిన్నె సగం ఖాళీ అయి కనపడింది. మా క్యాంపులో పులుసు తినే మనుషులం ఇద్దరమే.

చరిత్ర మీద కూడా ఆయనకు భయభక్తులు లేవు. మూడు మేకలు మొదట ఏడయ్యాయి, తర్వాత ముప్పై అయ్యాయి. దేగ్ అయితే ఏటా పెరిగింది. నేను చూసినప్పుడు అందులో అరవై మందికి అన్నం వండేవాడు. ఐదో ఏడుకల్లా అందులో ఒంటె పడుతుందని చెప్తున్నాడని పడవ నడిపే బెంగాలీ అతను నాకు చెప్పాడు. నేను వెళ్లి అడిగాను.

"చాచా, గా దేగుల రెండు మేకలు గూడ పట్టయ్. పోయినయి మూడే మేకలు. అండ్ల ఒకటి తెల్లారి తిరిగొచ్చింది, నేనే కట్టేసిన."

"మేక తిరిగొచ్చేది చరిత్రలో బాగుండదప్పా. పోయిందంటేనే బాగుంటాది."

"అబద్ధం గాదా?"

"కూరలో ఉప్పు అబద్ధమా?"

ఇక పిల్లల సంగతి. ఏ జట్టు వచ్చినా చరిత్ర చెప్పిన మర్నాడు పొద్దున నా షెడ్డు గడప ముందు ఖర్జూరాలు, బిస్కెట్లు, కరిగిపోయిన చాక్లెట్లు పడేసి ఉండేవి. చెత్త వేయడానికి చెరువంత చోటుంది, నా గడపే దొరికింది వాళ్లకి. చీమలు పట్టేవి. ఇది చాచా ఎక్కించిందేనని నాకు తెలుసు. కఫీల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి, నవ్వాడు. యజమాని నవ్వితే మనం చేసేదేముంది? మరుసటి ఏడు మళ్లీ రాశాను. అలా ఏటా రాశాను. అన్నీ ఆయన సొరుగులో భద్రంగా ఉన్నాయని విన్నాను. ఒక్కదాని మీదా చర్య లేదు.

పోయిన చలికాలంలో చాచా ఎగ్జిట్ మీద, అంటే వీసా ముగించుకుని, ఇంటికి వెళ్లిపోయాడు. మోకాళ్లు అరిగిపోయాయి. జిజాన్ ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్లాను, ఎందుకంటే కఫీల్ చెప్పాడు.  చాచా ఇన్నేళ్ల తర్వాత వెళ్తున్నాడు, ఇప్పుడైనా పేరు పెట్టి పిలుస్తాడేమోనని చూశాను. పెట్టెలు బండి మీద పెట్టాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"మోటారూ."

"ఆ, జెప్పు."

"మొదటి సాయంత్రం మోటారు ఎయ్యడం మానొద్దురా."

"నా మోటారు. నా ఇష్టం."

"ఇష్టమే అనుకో. మానొద్దు."

అని అరచేతి వెనక్కి చూసుకున్నాడు. ఉప్పు లేదు కానీ ఒక కన్ను మూశాడు. లోపలికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కూడా నా మోటారు మీద నాకే పెత్తనం చేసి పోయాడని కారు తలుపు గట్టిగా వేశాను.

ఈ ఏడు కఫీల్ నన్ను పిలిచి, "మొదటి ఏడాది నుంచీ ఉన్న పనివాడివి నువ్వొక్కడివే మిగిలావు. చరిత్ర నువ్వే చెప్పాలి" అన్నాడు.

దీనికోసం పన్నెండేళ్లు ఎదురుచూశాను. నాలుగు పేజీలు రాసుకున్నాను. నల్లా ఎవరు పెట్టారో రెండో వాక్యంలోనే వస్తుంది. మేకలు మూడు, తిరిగి వచ్చినది ఒకటి. నా పైపుల అరబ్బీ చాలదని, క్యాంపు చూసుకునే ఫహద్ దగ్గర కూర్చుని మాటలు నేర్చుకున్నాను. మొదటి ఏడాది వరద చూసిన నలభై మందిలో ఫహద్ ఒకడు. అప్పుడు అందరికంటే పొట్టివాడు, ఇప్పుడు గడ్డం పెంచాడు. మాటలైతే నేర్పాడు గానీ, వాటితో నేనేం చెప్పబోతున్నానో అడగలేదు. నేనూ చూపించలేదు.

మొదటి సాయంత్రం వచ్చింది. ఉతికిన చొక్కా. చేతిలో చాచా గరిటె, వెనకాల దేగ్. నలభై మంది పిల్లలు, అందులో పోయిన ఏడు కూడా వచ్చినవాళ్లు ఓ పదిమంది. నేను కాగితం తీసి గొంతు సవరించుకున్నాను.

"ఈ క్యాంపులో మొదటి ఏడాది నల్లాను గుట్టమీద బిగించిన మనిషి పేరు..."

"చెప్పొద్దు!"

పాత పిల్లలు పదిమందీ ఒకేసారి లేచారు. ఒకడు రెండు చెవులూ మూసుకున్నాడు. ఇంకొకడు పక్కనున్న కొత్త పిల్లాడి చెవులు కూడా తనే మూశాడు. "పేరు చెప్పకూడదు! చెప్పకూడదు!" అని ఒకటే గోల.

 చచ్చిపోయినా చాచా నా పేరు పలకనివ్వడం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోతుంటే ఫహద్ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"నీకు నిజంగా తెలియదా?" అన్నాడు.

"ఏం తెలియాలి?"

"కథ. చాచా చెప్పే కథ."

"నేను రెండో ఏడు విన్నాను. అందులో నేను లేను."

"మూడో ఏడు నుంచి ఉన్నావు. నువ్వు మోటారు వేసి అంతా పాడు చేసినప్పటి నుంచి."

ఫహద్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చాచా కథలో గుట్టమీద ఒక మొండిమనిషి ఉంటాడు. కిందికి నీళ్లు ఇవ్వనన్నాడు. అందరూ తిట్టారు. ఆ మొండితనం వల్లే నలభై మంది పిల్లలు బతికారు. కానీ ఎవరూ అతని పేరు చెప్పలేదని అతనికి కోపం వచ్చింది. అలిగి గుట్టమీదే కూర్చున్నాడు. ఇప్పటికీ ఉన్నాడు. "కావాలంటే వినండి" అని చాచా గరిటె పైకి ఎత్తుతాడు. పిల్లలు ఊపిరి బిగబడతారు. అప్పుడు గుట్టమీద నుంచి మూడు దగ్గులు, ఒక కీచు, ఆ తర్వాత మొరుగుడు. పిల్లలు చెవులు మూసుకుని కేకలు పెడతారు. ఏటా అదే చోట అందరికంటే పెద్ద కేక.

"మరి పేరు?" అన్నాను. నాకు అదే కావాలి.

"అది చాచా చివర్లో చెప్పేవాడు. పేరు చెప్తే అతని కోపం పోతుంది. కోపం పోతే తన దేశం వెళ్లిపోతాడు. అతను వెళ్లిపోతే ఈ చెరువు దగ్గర మనల్ని చూసుకునేవాళ్లు ఉండరు. కాబట్టి ఎవరూ పేరు చెప్పకండి అనేవాడు."

నేను జేబులోని కాగితం తడిమి చూసుకున్నాను.

"పేరు తెలియక అనుకున్నావా?" అన్నాడు ఫహద్. "మాకందరికీ తెలుసు. ఖర్జూరాలు ఎవరికి పెట్టామనుకున్నావు?"

పన్నెండేళ్ల నా కోపాన్ని ఆ మనిషి నన్నడగకుండా వాడుకున్నాడు. నేను కథ చెడగొడుతున్నాననుకుని సందులోంచి సంబరపడుతుంటే, ఆయన గరిటె ఎత్తి నాకు సైగ చేస్తున్నాడు. పట్టుదల కాదు అది. సైగ. ఇంత అన్యాయం నాకు ఎవరూ చేయలేదు. ఫిర్యాదు చేద్దామంటే మనిషి లేడు.

పిల్లలు నా వైపే చూస్తున్నారు. దేగ్ మూత సందుల్లోంచి వాసన వస్తోంది. నేను ఇక్కడ నిలబడి నా పేరు చెప్పుకోవచ్చు. పేజీలు జేబులోనే ఉన్నాయి. కానీ నేను ఇక్కడుంటే గుట్టమీద ఎవరున్నట్టు?

"గరిటె నువ్వు పట్టుకో" అని ఫహద్‌కి ఇచ్చాను. "వరద దాకా నువ్వు చెప్పు. ఎత్తేటప్పుడు బాగా పైకి ఎత్తు, నాకు కనపడాలి."

గుట్ట ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. షెడ్డులో కూర్చుని సందులోంచి చూశాను. ఫహద్ చేతులు ఊపుతున్నాడు. వాడికి చాచా తీరు రాలేదు, గరిటెను ఈగలు తోలుతున్నట్టు తిప్పుతున్నాడు. చివరికి ఎత్తాడు. హ్యాండిల్ తిప్పాను. మోటారు మూడుసార్లు దగ్గింది, కీచుమంది, మొరిగింది. ఇన్నేళ్లూ లోపలే కూర్చునేవాణ్ణి. ఈసారి తలుపు తోసుకుని బయటికి వచ్చి, షెడ్డు వెనక నుంచి గుట్ట అంచు దాకా నడిచాను. మోటారు మోతని చీల్చుకుని కింద నుంచి కేక వచ్చింది. నలభై గొంతులు. చెరువు అవతలి కొండకు తగిలి మళ్లీ వచ్చింది.

కింద అన్నం వడ్డించేది కూడా ఇప్పుడు నేనే. మోటారు ఆపి దిగేసరికి పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో ఉన్నారు. పాతవాళ్లు నన్ను చూసి గుసగుసలాడి, తల దించుకుని నవ్వుకున్నారు. ఒక కొత్త పిల్లాడు, ఎనిమిదేళ్లుంటాయేమో, పళ్లెం చాపకుండా నిలబడిపోయాడు.

"వరదలో దేగ్ కొట్టుకుపోయింది కదా, ఆ వంటాయన పేరేంటి?" అన్నాడు.

నా నోటి దాకా వచ్చింది.

"చెప్పకూడదు" అన్నాను.

వాడు గుట్ట వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, అర్థమైనట్టు తలూపాడు.

"దేగ్ ఎంత పెద్దది?"

మూడు మేకలు, తిరిగి వచ్చినది ఒకటి. నాలుగు పేజీలూ జేబులోనే ఉన్నాయి. నేను చిటికెడు ఉప్పు తీసి అరచేతి వెనక వేసుకుని, నాలుకతో అద్దుకున్నాను.

"అందులో ఒంటె పడుతుంది" అన్నాను.